ఎర్రనూలు కట్టిన కట్ట

వజ్రకూట రాజ్యానికి రాజధాని మేఖలాపురం. నల్లరాతి కొండ నడుముకు వడ్డాణం పెట్టినట్టు చుట్టూ కట్టిన నగరం అది. ఏడు ప్రాకారాలు, ప్రాకారానికొక సింహద్వారం, ద్వారబంధాల మీద పగడాలు పొదిగిన మకరతోరణాలు, వాటికి వేలాడే కంచుగంటలు. గాలి వీస్తే ఆ గంటల మోత ఆమడ దూరం వినిపించేదట. ఇప్పుడు వినిపించదు. గంటల నాలుకలన్నీ ఊడబీకించి, ద్వారాలకు ఇరుపక్కలా రాతి గుడ్లగూబలను కూర్చోబెట్టారు. మాంత్రికుడు ఘూకముఖుడు రాజగురువు వేషంలో కోటలో అడుగుపెట్టి నాలుగు నెలలైంది. అతడు ఏ ముఖం చూపించి పెడితే ఆ ముఖం ఎదురుపడగానే ఆ గుడ్లగూబలు మెడ తిప్పి కూస్తాయి. కూత వినపడ్డ చోట తల నిలవదు. మొదటి ప్రాకారం బయట వరసగా పాతిన శూలాలను చూసినవాడికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

ఆనాడు అమావాస్య. మిట్టమధ్యాహ్నం సూర్యగ్రహణం. నూనె గవరయ్య భుజాన నూనె సిద్దె, తలకు జిడ్డోడే పాగా, గుండెల మీదికి జారిన గడ్డంతో ఏడో ద్వారం దాటేసరికి పొద్దు నడినెత్తికి మూడు ఘడియల దూరంలో ఉంది. తెల్లవారకముందే బయలుదేరినవాడు. గ్రహణం రోజని ద్వారం ద్వారం దగ్గరా మూటలు విప్పించి సోదా చేయబట్టి ఇంత పొద్దెక్కింది. గుడ్లగూబలు అతణ్ణి చూశాయి, ఊరుకున్నాయి. పన్నెండు రోజులుగా చూస్తున్న గడ్డమే కదా.

ఆ గడ్డం మాత్రం గవరయ్యది కాదు, ఒక చచ్చిన మేకది. దాని వెనక దాక్కున్నవాడు తామ్రవల్లి రాజ్యపు రెండో రాజకుమారుడు రుద్రాంకుడు. కత్తి తిప్పిన చేత్తో నూనె గరిటె తిప్పుతూ, దారిన పోయే ప్రతి భటుడికీ చిత్తం బాబూ, చిత్తం బాబూ అని వంగుతూ కోటలో తిరుగుతున్నాడు. అతడి అన్న ధీరవర్మను నెల కిందట వేటలో మాయపొగ కమ్మి ఎత్తుకుపోయారు. వజ్రకూటాన్ని ఏలే మందరసేన మహారాజుకు మత్తుకషాయం తాగించి, ఆ వణికే చేత్తోనే ధీరవర్మకు శిరశ్ఛేదం రాయించాడు ఘూకముఖుడు. రాజు శిక్షించిన రాజకుమారుడి తల గ్రహణవేళ తెగితేనే అతడు కొలిచే క్షుద్రశక్తి అతడికి లొంగుతుంది. రాజ్యంలో దుర్గాలు తొమ్మిది. అన్న ఏ దుర్గంలో ఉన్నాడో పన్నెండు రోజులు వెతికినా ఒక్క నరుడూ నోరు విప్పలేదు.

నిన్న పొద్దున రుద్రాంకుడు ఆ సంగతి తెలుసుకున్నాడు. ఎవరి నోరూ విప్పించకుండా, ఒక్క ప్రశ్న కూడా తిన్నగా అడగకుండా తెలుసుకున్నాడు. ఆ తెలివికి తనకు తానే మురిసిపోయి రాత్రి కడుపునిండా తిన్నాడు కూడా. ఆ ముచ్చట అర్థం కావాలంటే పన్నెండు గూళ్ళ సంగతి చెప్పాలి.

వజ్రకూటంలో గట్టు తగాదా మొదలుకొని మరణశిక్ష దాకా ప్రతి సంగతీ తాటాకు మీదికి ఎక్కవలసిందే. ఆ ఆకులన్నీ కొండ కడుపులో, పద్నాలుగు వందల మెట్ల కింద, పాతాళకొట్టులో ఉంటాయి. అక్కడ చెమ్మ తగలదు, నిప్పు తగలదు, పగవాడి చెయ్యి తగలదు. అంతా బాగానే ఉంది గాని, రాజుకు ఒక ఆకు కావలసివస్తే మెట్లబంటు దిగాలి, కింది లేఖకుడు నకలు రాయాలి, బంటు ఎగశ్వాసతో ఎక్కి రావాలి. ఈలోగా సగం రోజు గడిచి, అడిగిందేమిటో రాజుగారే మరిచిపోయేవారు. ఈ బాధ పడలేక ఇప్పటి మహారాజుగారి తాత సభామంటపం పక్క గదిలో గోడకు పన్నెండు గూళ్ళు తొలిపించాడు. పైకి వచ్చిన నకలును పని కాగానే పారెయ్యకుండా గూట్లో ఉంచమన్నాడు. ఇవాళ ఒక ఆకు అడిగినవాడు రేపూ దాన్నే అడుగుతాడు. అప్పుడు అది చెయ్యి చాపితే అందుతుంది. ఒక్క ఆకు కోసం దిగినా ఆ కట్టంతా నకలు తెమ్మన్నాడు. ఒక కాలవ సంగతి అడిగినవాడు దాని పక్క కాలవ సంగతి అడగక మానడు కదా. అప్పటినుంచీ పదిసార్లలో తొమ్మిదిసార్లు మెట్లు దిగే పని తప్పింది.

గూళ్ళు పన్నెండే. పదమూడో కట్ట వచ్చినప్పుడు ఏదో ఒకటి పోవాలి. అందుకూ ఒక పద్ధతి పెట్టారు. ఎవరైనా అడిగి చూసిన కట్టను మళ్ళీ దాని గూట్లో పెట్టరు, కుడి కొసన పెడతారు. మిగతావి ఒక్కో గూడు ఎడమకు జరుగుతాయి. అలా జరిగి జరిగి ఎడమ కొసకు చేరినది అన్నిటికంటే ఎక్కువకాలం ఎవరూ అడగనిది. కొత్త కట్ట వస్తే దానికే కాలం చెల్లుతుంది. నకలే కదా, అసలు ఆకు కింద భద్రంగా ఉంది. తొట్టిలో పడేస్తారు, మర్నాడు పెరట్లో గుంటలో వేసి తగలబెడతారు.

ఈ గూళ్ళకు కాపరి పేరక్క. యాభై దాటిన మనిషి, ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిలోనే ఉంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. రాకూడదనే నియమం. కట్టలకు వేసిన చెక్కల మీది గాట్లను బట్టి ఏది ఏ కట్టో గుర్తుపడుతుంది. కిందున్న లేఖకులు అక్షరాలు దిద్దినవాళ్ళే గాని అందరూ చెవిటివాళ్ళు. పైవాళ్ళు చదవలేరు, కిందివాళ్ళు వినలేరు, రాజ్యరహస్యాలకు రాజులు వేసిన తాళాలు అవి. ఎవరు ఏ కట్ట అడిగారో కాపరి బయటపెట్టకూడదు. పేరక్కకు ముందున్న కాపరి ఒకసారి నోరు జారింది. ఆ తరవాత ఆమెకు జారడానికి నాలుక లేదు.

ఆ గదికి కిటికీలు లేవు. పగలూ దీపాలే. వాటికి నూనె పోయడానికి రోజూ వచ్చే గవరయ్య పదకొండు రోజులు ఇదంతా చూశాడు. చూసి చూసి, పేరక్క నోరు చెప్పనిది పేరక్క చెయ్యి చెబుతుందని పసిగట్టాడు. గూట్లో ఉన్న కట్టయితే ఆమె రెప్పపాటులో అందిస్తుంది. లేనిదైతే సాయంత్రం రమ్మంటుంది. గూట్లో ఉందంటే ఈ నాలుగైదు రోజుల్లో ఎవరో దాన్ని అడిగారన్నమాటే.

నిన్న పొద్దున తొమ్మిది దుర్గాలకూ నూనె తోలే పని తనకు వచ్చిందని చెప్పి, ఏ దుర్గంలో ఎన్ని దీపాలున్నాయో చూసి చెప్పించమని వరసగా అడిగాడు. ఎనిమిది పేర్లకు పేరక్క తల అడ్డంగా ఊపి, కింది నుంచి రావాలంది, మెట్లబంట్లను కేకేసింది. శకునిగుట్ట పేరు చెప్పగానే మాత్రం మాట్లాడకుండా చెయ్యి చాపి నాలుగో గూట్లోంచి కట్ట తీసి ముందు పెట్టింది. కాకులు తప్ప కాపురం లేని పాడుదుర్గం శకునిగుట్ట. దాని కట్టతో రాజధానిలో ఎవరికి పనిపడుతుంది? రుద్రాంకుడు గడ్డం సవరించుకున్నాడు. శకునిగుట్టకు నూనె చేరవేయడానికి కోట అనుమతి చీటీ కావాలన్నాడు. మర్నాడు ముద్ర వేసి ఇస్తారని, వచ్చి తీసుకుపొమ్మని చెప్పింది పేరక్క.

ఆ చీటీ కోసమే ఇవాళ వచ్చాడు. శకునిగుట్ట ఇదే కొండకు వెనకవైపు ఉంది. చింతతోపులో అతడి గుర్రం జీను వేసి సిద్ధంగా ఉంది. రెండు ఘడియల స్వారీ. గ్రహణం పట్టేలోగా లోపలికి పోవాలి, అన్నను తేవాలి, లేదా అన్న పక్కన చావాలి. అంతకు మించి ఆలోచించే ఓపిక రుద్రాంకుడికి లేదు.

పేరక్క చీటీ అతడి చేతికిచ్చింది. పోతూ పోతూ ఆ మూల దీపం కొండెక్కుతోంది, ఇంత నూనె చూపించి పొమ్మంది. కాదంటే అనుమానం. వంగి నూనె పోశాడు. వంగినప్పుడు పాగా కొస జారి కుడిచెవి బయటపడింది. గడ్డాన్ని చెవికి తగిలించిన నూలు దీపం వెలుగులో కనపడింది.

పేరక్క చూపు ఆ చెవి మీద పడింది.

"గవరయ్యా, ఆ నూలు నీకెక్కడిది?"

రుద్రాంకుడు తడబడకుండానే చెప్పాడు. మొన్న మధ్యాహ్నం తలపాగా దారం తెగిపోతే, గూట్లో ఒక కట్టకు వేలాడుతున్న పోగు కనపడిందని, పనికిరానిదేలే అని లాగి కట్టుకున్నానని అన్నాడు. తెగింది పాగా దారం కాదు, గడ్డం దారం. మిగతాదంతా నిజమే.

పేరక్క తలుపు వైపు ఒకసారి చూసి అతడి దగ్గరికి జరిగింది. గుసగుసగా చెప్పింది.

"రాజుగారు గూట్లో ఉన్న ఆకుమీద తన చేత్తో ఏదైనా మారిస్తే, ఆ కట్టకు తను వడికిన ఎర్రనూలు కడతారు నాయనా. నూలున్న కట్టను పారెయ్యకూడదు. కిందికి పంపి, అసలు ఆకుమీద ఆ మార్పు ఎక్కించాకే పారెయ్యాలి. నూలు లేదంటే పైనా కిందా ఒకటే రాత ఉందని లెక్క. నాకా చదువు రాదు. నాకు ఆ నూలే అక్షరం."

నాలుగు నెలలుగా రాజు తనంతట తాను గూట్లోని ఏ ఆకూ దిద్దలేదు. అందుకే పదకొండు రోజులు కళ్ళప్పగించి చూసిన రుద్రాంకుడికి ఎర్రనూలు కట్టడం ఒక్కసారీ కనపడలేదు. మొన్న ఘూకముఖుడు బలి ఏర్పాట్లకని ఊరు విడిచి పోయాడట. పొద్దుటి కషాయం తప్పిపోయి రాజుకు కాస్త తెలివి వచ్చిందట. తూలుతూ ఈ గదికి వచ్చి, గూట్లోంచి శిక్షల కట్ట తీయించుకుని, ఒక ఆకుమీద ఏదో గీకి, కళ్ళు తుడుచుకుంటూ నూలు కట్టి పోయాడట. సాయంత్రం గురువు తిరిగివచ్చి రెండింతల మందు పట్టించాడు. అప్పటినుంచీ రాజు కళ్ళు తెరవలేదు.

మరి ఆ కట్టను వెంటనే కిందికి ఎందుకు పంపలేదని రుద్రాంకుడు అడిగాడు. రాజులు పూటకోమాట మార్చుకుంటారని, మార్చినప్పుడల్లా మనిషిని దించితే బంట్ల మోకాళ్ళు మిగలవని, అందుకే కట్టకు కాలం చెల్లేదాకా, లేదా అమావాస్య ముందునాటి సాయంత్రం దాకా ఆగి, ఎర్రనూళ్ళన్నీ ఒక్కసారి దింపుతారని పేరక్క చెప్పింది. అంటే నిన్న సాయంత్రం దిగవలసిన కట్ట. నిన్న సాయంత్రమే కింది నుంచి ఎనిమిది కట్టలు ఒకదాని వెనక ఒకటి పైకి వచ్చాయి. ఎడమ నుంచి ఎనిమిదింటికి కాలం చెల్లింది. మొన్నటినుంచీ వేరే కట్టలు అడగడంతో ఎడమకు జరిగిపోయిన శిక్షల కట్ట వంతు వచ్చినప్పుడు ఆమె నూలు కోసం చూసింది, కనపడలేదు. మనసు మార్చుకుని రాజే విప్పేసుకున్నాడనుకుంది. ఆ హక్కు ఆయనకుంది. తొట్టిలో పడేసింది.

ఆ ఎనిమిది కట్టలూ ఎవరు అడిగితే వచ్చాయో ఆమె అనలేదు. అనవలసిన పనీ లేదు. తొమ్మిది దుర్గాల దీపాలు లెక్కపెట్టిన పెద్దమనిషి ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

"తొట్టి ఎక్కడ?" అన్నాడు రుద్రాంకుడు.

ఆమె పెరటివైపు చూసింది. తలుపు సందులోంచి పొగ వాసన వస్తోంది.

అంతే, సిద్దెతో సహా పరుగెత్తాడు. పెరట్లో గుంట చుట్టూ ఎవరూ లేరు, గ్రహణం దగ్గరపడుతోందని పనివాళ్ళు నిప్పు పెట్టేసి తలుపులు వేసుకున్నారు. ఆకులు చిటపటలాడుతూ ముడుచుకుపోతున్నాయి. సిద్దె ఒడ్డున పడేసి గుంటలోకి దూకాడు. వెనకనుంచి పేరక్క మూడు గాట్లు, ఒక అడ్డగీత ఉన్న చెక్క చూడమంది. నూనె పట్టిన ధోవతి భగ్గుమంది. నూనె పట్టిన చేతులు భగ్గుమన్నాయి. అవే చేతులతో మండే కట్టలు తిరగేశాడు. మొదటిది కాదు. రెండోదానికి చెక్కే లేదు. మూడోది కింద ఉంది. దాన్ని కడుపుకు కరుచుకుని ఒడ్డుకు పొర్లాడు. పేరక్క తన కొంగు తీసి అతడి మంటలు ఆర్పింది. అరచేతుల మీద తోలు ఊడి వేలాడుతోంది, ఆ సంగతి అతడికి ఇంకా తెలియలేదు.

శిక్షల కట్టలో చాలా ఆకులు మసైపోయాయి. నడుమ ఒక ఆకు మిగిలింది. కొస కాలింది, రాజముద్ర ఉన్న కొస అది. అక్షరాలు మాత్రం మిగిలాయి. వణికే చేతిరాతతో వంకరటింకరగా ఉన్న ఆ రెండు పంక్తుల్నీ రుద్రాంకుడు పైకి చదివాడు.

"తామ్రవల్లి ధీరవర్మకు వేసిన శిరశ్ఛేదం రద్దు చేయడమైనది. ఈ మాట అందిన క్షణమే అతణ్ణి విడిచిపెట్టవలెను."

మళ్ళీ చదివాడు. తను ఈ కోటలో అడుగుపెట్టకపోయినా, ఆ గడ్డం తగిలించుకోకపోయినా, నిన్న సాయంత్రం ఈ ఆకు తనంతట తాను కిందికి దిగేది. ఈపాటికి అన్న చింతతోపు దాటి ఇంటిదారి పట్టేవాడు. అన్న ప్రాణానికి కట్టిన నూలును తన గడ్డానికి కట్టుకున్నాడు. కట్టుకుని ఊరుకోక, ఎనిమిది ప్రశ్నలతో ఆ ఆకును నిప్పుల్లోకి తోశాడు. జన్మలో ఎన్నడూ ఏడవని రుద్రాంకుడు పెరటి మట్టిలో కూర్చుని ఏడ్చాడు.

"ధీరవర్మ మా అన్న, పేరక్కా," అన్నాడు.

పేరక్క అతడి ముఖంలోకి చూసింది. నూలు పోగొట్టిన కాపరికి కుడిచెయ్యి మణికట్టు దాకా నరుకుతారు. ఆ నూలు దొంగిలించినవాణ్ణి పట్టి ఇస్తే చెయ్యి దక్కుతుంది. ఒక్క కేక వేస్తే చాలు, గోడ అవతలే భటులున్నారు. ఆమె కేక వేయలేదు. అతడి భుజం పట్టుకుని లేవదీసి, శకునిగుట్టకు పోయి ప్రయోజనం లేదని చెప్పింది. తొమ్మిది దుర్గాల నుంచీ తొమ్మిది సొరంగాలు పాతాళకొట్టుకే వచ్చి కలుస్తాయి. తల తీసే ముందు దుర్గం మనిషి ఆ సొరంగం వెంట వచ్చి తన అధికారపు బిళ్ళ చూపిస్తాడు. లేఖకుడు అసలు ఆకు తీసి పైకి చదువుతాడు. చదవడం పూర్తికాగానే ఢంకా కొడతారు. ఆ మోత సొరంగంలోంచి గుట్ట మీదికి పోతుంది. గొడ్డలి దిగుతుంది.

"కిందున్న ఆకే అందరికీ ఆకు. పైన గూట్లో ఏం మారిందో కింద ఎవడికీ తెలియదు. వాళ్ళు పాత రాతే చదువుతారు నాయనా. నువ్వు ముందు చేరాలి."

రాజముద్ర కాలిపోయింది, ఈ మసి ఆకును ఎవరు నమ్ముతారన్నాడు రుద్రాంకుడు. ఎర్రనూలుంటే నమ్ముతారంది. రాజు వడికిన నూలు లేఖకులు వేళ్ళతో తడిమి గుర్తుపడతారు. ఎర్రనూలు పట్టుకుని దిగేవాణ్ణి మధ్యలో ఆపే హక్కు సేనాధిపతికి కూడా లేదు. ఆ మాట అని ఆమె అతడి చెవి వైపు చూసింది.

ఉన్నది ఒక్కటే నూలు. మెట్ల ముఖద్వారం మీద రెండు గుడ్లగూబలు కూర్చుని ఉన్నాయి, వాటికి రుద్రాంకుడి ముఖం నెల కిందటే చూపించి పెట్టారు.

రుద్రాంకుడు కాలిన వేళ్ళతో నూలు విప్పబోయాడు, వేళ్ళు వంగలేదు. పేరక్కే విప్పింది. మేకగడ్డం ఊడి గుంటలో పడి కాలింది. ఆకును చెక్కల నడుమ పెట్టి, నూలు రెండు చుట్లు చుట్టి ముడివేసి అతడికిచ్చింది. సిద్దె తీసి అతడి భుజానికి తగిలించింది, మెట్లమీద దీపాలు ఆరిపోయి ఉంటే కావలసివస్తుందని. మరి నీ చెయ్యి, అని అడిగాడు రుద్రాంకుడు.

"నా చెయ్యి సంగతి సాయంత్రం వాళ్ళు చూసుకుంటారు. నువ్వు దిగు."

ముఖద్వారం ముందుకు వచ్చేసరికి రెండు గుడ్లగూబలూ మెడలు తిప్పి ఒక్కసారి కూశాయి. కోటంతా మారుమోగింది. ఎనిమిది మంది భటులు బల్లేలతో ఉరికివచ్చారు. రుద్రాంకుడు నూలు కట్టిన చెక్కను తలపైకెత్తాడు. ముందున్న భటుడు దాన్ని చూసి ఆగాడు. ఆ ముఖానికి ఎంత బహుమానం ప్రకటించారో అతడికి తెలుసు. అయినా చిన్నప్పటినుంచీ విన్న కట్టుబాటు కాళ్ళను పట్టేసింది. బల్లేలు పక్కకు తప్పుకున్నాయి. రుద్రాంకుడు వాళ్ళ నడుమనుంచి చీకట్లోకి దిగాడు.

మెట్లు నిట్టనిలువు బావి చుట్టూ తీగలా చుట్టుకుని దిగుతాయి. నడుమ ఖాళీలో లేఖకులకు కూటిగంప దింపే మోకు ఒకటి వేలాడుతూ ఉంటుంది. నూరు మెట్లకొక దీపం. పైన ఆకాశం పళ్ళెమంత కనపడుతోంది. మూడు మెట్లకొక అంగ వేస్తూ రుద్రాంకుడు రెండో దీపం దాటాడో లేదో, పైన నల్లబట్టలు రెండు మెట్లమీదికి దూకాయి. ఘూకముఖుడి శిష్యులు. వాళ్ళకు రాజనూలు ఒక లెక్క కాదు. ఒకడి చేతిలోంచి వచ్చిన చక్రం రుద్రాంకుడి పాగా ఎగరగొట్టి గోడకు గుచ్చుకుంది. రెండోది భుజం చీల్చింది. చేతులు కత్తి పట్టే స్థితిలో లేవు. సిద్దె మూతి పళ్ళతో లాగి, పరుగు ఆపకుండానే నూనెంతా వెనక మెట్ల మీద కుమ్మరించాడు. ముందువాడు జారి గోడకు తల బద్దలుకొట్టుకున్నాడు. రెండోవాడు పట్టు దొరక్క బావిలోకి పడ్డాడు. అతడి అరుపు రుద్రాంకుణ్ణి దాటి కిందికి పోయింది, పోయి పోయి చాలాసేపటికి ఆగింది. ఇంకా ఎంత లోతుందో రుద్రాంకుడికి అప్పుడు తెలిసింది.

ఏడు దీపాలు, తొమ్మిది దీపాలు. నోట్లో నెత్తురు రుచి. పన్నెండో దీపం దగ్గర తల ఎత్తి చూశాడు. పైన నాణెమంత అయిన ఆకాశంలో సూర్యుడి ఒక అంచు నల్లబడి ఉంది. చూస్తుండగానే ఆ నలుపు లోపలికి జరిగింది. గ్రహణం పట్టింది.

అప్పుడే కింది నుంచి ఒక గొంతు వినిపించింది. ఎగుడూ దిగుడూ లేకుండా, తన మాట తనకే వినపడని మనిషి చదివే గొంతు అది. బావి గోడలు ప్రతి మాటనూ రెండుసార్లు చెబుతున్నాయి.

"వజ్రకూటాధీశ్వరుడు మందరసేన మహారాజు..."

రుద్రాంకుడు ఆపమని అరిచాడు. గొంతు చిరిగేలా అరిచాడు. ఆకు మారింది, ఎర్రనూలు వస్తోంది, ఆగమని అరిచాడు. కింద బిళ్ళ తెచ్చిన దుర్గం మనిషి మాత్రం విన్నాడు. అతడు నవ్వడం కూడా వినిపించింది. లేఖకుడికి చెవులు లేవు, చదువుతూనే ఉన్నాడు.

"...శకునిగుట్ట దుర్గపాలకునికి చేయు ఆజ్ఞ..."

ఇంకా రెండు వందల మెట్లు. చుట్టూ తిరిగి దిగితే ఆ ఆకు నాలుగుసార్లు చదవవచ్చు. రుద్రాంకుడు చెక్కను పళ్ళ నడుమ పెట్టుకుని, ఎర్రనూలు పెదవులకు తగులుతుండగా, మెట్ల అంచు నుంచి చీకట్లోకి దూకాడు. మోకు చేతికి అందింది. అందిన తరవాత గుర్తొచ్చింది, చేతులకు తోలు లేదు, ఉన్నచోట నూనె ఉంది. పట్టు నిలవలేదు. కూటిగంప మోయడానికి పేనిన మోకు పైన ఎక్కడో చిటిల్లింది. మోకు అరచేతుల్లోంచి జారుతోంది, అతడు అంతకంతకూ వేగంగా కిందికి పోతున్నాడు, దివిటీల వెలుగు పైకి లేచి వస్తోంది. ఢంకా పక్కన కర్ర ఎత్తి నిలబడ్డ మనిషి కనపడ్డాడు. ఆకుమీదికి వంగిన నెరిసిన తల కనపడింది. ఆ తల ఎత్తలేదు.

"...తామ్రవల్లి ధీరవర్మను," అని చదివింది గొంతు.